గుజ్జు మాత్రల్లో ఏది కొనాలి: కాండ్రాయిటిన్ సల్ఫేట్ ఒంటికి పట్టే లెక్క

మోకాళ్ళ నొప్పితో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళివచ్చిన తెలుగువారు ఇంటికి రాగానే చెప్పే మాట దాదాపు ఒకటే: "గుజ్జు అరిగిపోయిందట." ఆ వెంటనే చేతిసంచిలోనుంచి బయటికి వచ్చే స్ట్రిప్పుకు "గుజ్జు మాత్రలు" అని పేరు. ఆ పేరులోనే ఒక నమ్మకం ఉంది: అరిగిపోయిన చోటికి మాత్రలోని గుజ్జు వెళ్ళి కూర్చుంటుందని. ఈ మాత్రల్లో ఉండే కాండ్రాయిటిన్ సల్ఫేట్ కొనుగోలులో జరిగే పొరపాట్లలో సగం ఈ నమ్మకంనుంచే పుడతాయి.

నేను మందుల తయారీలో నాణ్యత పరీక్షల విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు చెన్నైలో పశ్చిమ మాంబళంలో ఉంటున్నాను. మా కింది వాటాలో ఉండే బాబాయిగారు నెల్లూరునుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినవారు. గత నెలలో ఒకరోజు ఆయన మూడు రకాల మాత్రలు తెచ్చి మా భోజనాల బల్లమీద వరుసగా పెట్టారు. మొదటిది డాక్టరు రాసిచ్చిన స్ట్రిప్పు. మాత్రకు గ్లూకోసమైన్ అనే చక్కెరలాంటి పదార్థం 750 మి.గ్రా., కాండ్రాయిటిన్ 200 మి.గ్రా. రెండోది అమెరికానుంచి అబ్బాయి పంపిన సీసా. సొరచేప మృదులాస్థినుంచి తీసిన కాండ్రాయిటిన్, క్యాప్సూలుకు 400 మి.గ్రా. మూడోది దుకాణంలో "దీనికంటే మంచిది ఉందా" అని అడిగితే చేతిలో పెట్టినది. అట్టపెట్టెమీద "తక్కువ అణుభారం, అధిక శోషణ" అని పెద్ద అక్షరాలతో ఉంది, వెనక భూతద్దం పెట్టి చూస్తే తప్ప కనబడని అక్షరాలతో 100 మి.గ్రా. అని ఉంది. మూడింటిలోకీ ఖరీదైనది అదే.

"ఈ మూడిట్లో ఒంటికి పట్టేది ఏదమ్మా?" అని అడిగారు.

ప్రశ్న సహజమైనదే కాని, ఈ పదార్థం విషయంలో ఒంటికి పట్టడాన్ని కొలబద్దగా పెట్టుకుని డబ్బాలను ఎంచడం కుదరదు. ఎందుకు కుదరదో అర్థం కావాలంటే మాత్ర మింగిన తరువాత లోపల ఏం జరుగుతుందో కొంచెం ఓపికగా చూడాలి. అది చూసిన తరువాత ఎంపికకు మిగిలేవి మరీ మామూలు ప్రశ్నలు: రోజుకు ఎన్ని మిల్లీగ్రాములు అందుతున్నాయి, అట్టమీద రాసినది నిజంగా లోపల ఉందా, మనం వాడే ఇతర మందులతోనూ మన ఆచారంతోనూ పొసగుతుందా, ఎప్పుడు ఆపాలి.

నోటినుంచి కీలుదాకా

కాండ్రాయిటిన్ సల్ఫేట్ ఒక పొడవాటి చక్కెర గొలుసు. మల్లెనూ కనకాంబరాన్నీ మార్చి మార్చి కట్టిన దండలాగా గ్లూకురానిక్ ఆమ్లం, ఎన్-అసిటైల్ గెలాక్టోసమైన్ అనే రెండు చక్కెరలు ఒకదాని తరువాత ఒకటిగా వందలకొద్దీ పేర్చి ఉంటాయి. ఈ జంటల్లో చాలావాటికి నాలుగో స్థానంలోనో ఆరో స్థానంలోనో ఒక సల్ఫేట్ తగులుకుని ఉంటుంది. దానివల్ల గొలుసు పొడవునా రుణావేశం పరుచుకుని ఉంటుంది, ఆ ఆవేశమే నీటిని పట్టి ఉంచుతుంది. మన కీళ్ళలోని మృదులాస్థిలో ఈ గొలుసులు అగ్రికాన్ అనే ప్రోటీనుకు సీసాలు కడిగే బ్రష్షుకు ఉండే వెంట్రుకలలాగా అతుక్కుని, బరువు పడినప్పుడు నీటిని వదులుతూ, బరువు తీసినప్పుడు మళ్ళీ పీల్చుకుంటూ ఉంటాయి. సామాన్యులు గుజ్జు అని పిలిచేదానిలో ఇది ఒక భాగం మాత్రమే. మిగతాది కొల్లాజెన్ అల్లిక, నీరు, అక్కడక్కడా కణాలు.

ఇప్పుడు దీని పరిమాణం చూడండి. గ్లూకోసమైన్ అణుభారం 179 డాల్టన్లు (అణువుల బరువుకు వాడే కొలత). మాత్రల్లో వచ్చే కాండ్రాయిటిన్ గొలుసు భారం పశువుల శ్వాసనాళంనుంచి తీసినదైతే సుమారు 20,000నుంచి 25,000 డాల్టన్లు, సొరచేపనుంచి తీసినదైతే 50,000 కూడా దాటుతుంది. అంత పెద్దదీ, పైగా ఆవేశం నిండినదీ పేగు గోడను దాటి రక్తంలోకి వెళ్ళడం కష్టమని ఎవరైనా ఊహించగలరు. పిండిపదార్థమైతే లాలాజలంలోనూ క్లోమరసంలోనూ ఉన్న ఎంజైములు దాన్ని ముక్కలు చేసి పంపుతాయి. ఈ గొలుసును కత్తిరించే ఎంజైము మన జీర్ణరసాల్లో లేదు. అందువల్ల అది జీర్ణాశయంలోనూ చిన్నపేగులోనూ చాలావరకు చెక్కుచెదరకుండానే ముందుకు సాగుతుంది. చిన్నపేగు గోడగుండా కొద్దిపాటి భాగం మాత్రం పెద్ద గొలుసుగానే దాటుతుంది.

అసలు పని పెద్దపేగులో మొదలవుతుంది. అక్కడ కాపురముండే సూక్ష్మజీవుల్లో కొన్నింటికి, ముఖ్యంగా బాక్టీరాయిడ్స్ జాతికి చెందిన వాటికి, ఈ గొలుసును కోసే ఎంజైములు ఉన్నాయి. అవి దాన్ని రెండేసి చక్కెరల ముక్కలుగా తెంచి, కొంత తామే తిని, కొంత వదిలిపెడతాయి. అలా వదిలిన చిన్న ముక్కల్లో కొన్ని రక్తంలోకి చేరతాయి. విడిపోయిన సల్ఫేట్‌ను మరో రకం సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా మార్చగలవు. అంటే మీరు మింగిన మాత్రకు మొదటి వాటాదారులు మీ పేగులోని సూక్ష్మజీవులు. వాటి సంఖ్యా రకాలూ మనిషి మనిషికీ వేరు. ఒకే మాత్ర ఇద్దరి ఒంట్లో ఒకేలా ప్రవర్తించకపోవడానికి ఇదొక బలమైన కారణమని నేను అనుకుంటాను. డబ్బాలమీద రాసే శోషణ శాతాలేవీ దీన్ని లెక్కలోకి తీసుకోవు.

రక్తంలోకి మొత్తంమీద ఎంత చేరుతుంది? కాండ్రాయిటిన్‌తో 1990ల్లో జరిగిన ఇటలీ పరిశోధనలో జీవలభ్యత (మింగినదానిలో రక్తంలోకి చేరే వాటా) సుమారు 13 శాతం అని తేలింది. పుస్తకాల్లో కనిపించే అంచనాలు ఒకదానికొకటి కొంత తేడాగా ఉంటాయి. 2002లో ఇటలీలోనే ఆరోగ్యవంతులైన పురుషులకు పశువుల కాండ్రాయిటిన్ 4 గ్రాములు ఒకేసారి ఇచ్చి చూస్తే రక్తంలో దాని మట్టం పెరిగి, దాదాపు రెండున్నర గంటల దగ్గర గరిష్ఠానికి చేరింది. ఆ మరుసటి సంవత్సరం అదే పద్ధతిలో సొరచేప కాండ్రాయిటిన్ ఇచ్చినప్పుడు గరిష్ఠ స్థాయి దాదాపు 9 గంటలకు గాని రాలేదు, పెరుగుదలా తక్కువే. గొలుసు పొడవెక్కువైతే ప్రయాణం నెమ్మదిస్తుందనడానికి ఇది చక్కని ఉదాహరణ. అయితే 4 గ్రాములు అంటే మామూలు రోజు మోతాదుకు మూడునుంచి ఐదు రెట్లు అని మరవకూడదు.

2010లో అమెరికాలో మోకాలి కీళ్ళవాతం ఉన్న రోగులకు మామూలు మోతాదులోనే ఇచ్చి చూస్తే, రక్తంలో సహజంగా ఉండే కాండ్రాయిటిన్ మట్టంలో చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదు. ఈ రెండు ఫలితాలూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి గాని, అందులో వింత లేదు. కాండ్రాయిటిన్ మన రక్తంలో ముందే ఉంటుంది. ఉన్న చెరువులో చెంబెడు నీళ్ళు పోసి మట్టం కొలిచినట్టు ఉంటుంది ఈ పని. మోతాదు, కొలిచే పద్ధతి, ముక్కలను లెక్కలో కలిపారా లేదా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. కాబట్టి ఒక కంపెనీ "మా ఉత్పత్తి ఇన్ని రెట్లు ఎక్కువ శోషణ" అన్నప్పుడు మొదట అడగవలసినది: మనుషుల్లోనా, గాజుపాత్రలో పెంచిన కణాల పొరమీదా? ఎంత మోతాదుతో? దేనితో పోల్చి?

రక్తంలోకి చేరిన ఆ కొద్దిపాటి కూడా నేరుగా మోకాలికి వెళ్ళదు. కాలేయం ఇలాంటి గొలుసులను రక్తంలోనుంచి ఏరి తీసుకుని కణాల లోపల ముక్కలు చేస్తుంది. మూత్రపిండాలు మరికొంత బయటికి పంపుతాయి. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. దానికి ఏది అందాలన్నా కీలు చుట్టూ ఉన్న పొరను దాటి, కీలుద్రవంలో కలిసి, కీలు కదిలినప్పుడల్లా స్పాంజిలోకి నీరు ఊరినట్టు ఊరి చేరవలసిందే. జంతువుల్లో రేడియోధార్మిక గుర్తు వేసిన పదార్థం కీలు ప్రాంతంలో కనిపించిన మాట నిజమే. కాని మింగిన గొలుసు ఉన్నది ఉన్నట్టుగా వెళ్ళి అగ్రికాన్‌కు అతుక్కోదు. మన మృదులాస్థి కణాలు తమ గొలుసులను తామే అల్లుకుంటాయి. కాండ్రాయిటిన్‌వల్ల ఉపకారం ఉన్నదనే పరిశోధకులు కూడా దాన్ని ఇటుక అనరు. వాపును రేపే సంకేతాలను కొంత తగ్గించే పదార్థమంటారు, కణాలపై చేసిన ప్రయోగాల్లో అలాంటి గుణం కనిపించింది. గుజ్జు మాత్ర అన్న పేరు అందుకే తప్పుదారి పట్టిస్తుంది.

పనిలో పనిగా ఇంకో మాట. మన ఇళ్ళలో మోకాళ్ళ నొప్పికి మేకకాళ్ళ పులుసు, ఇక్కడివాళ్ళ భాషలో ఆట్టుక్కాల్ పాయా, తాగమని చెప్పేవారు తప్పక ఉంటారు. దానిలోనూ మృదులాస్థి ఉంటుంది కనుక కాండ్రాయిటిన్ ఉంటుంది, కాని ఎంత అన్నది వంట వంటకూ మారుతుంది. పేగు దానికి మాత్రం ప్రత్యేక ద్వారం తెరవదు. రుచికోసం తాగితే అభ్యంతరం లేదు.

బల్లమీది మూడు డబ్బాలు

ఇంత చూసిన తరువాత మూడో డబ్బాను పక్కన పెట్టడం తేలికైపోయింది. గొలుసు చిన్నదైతే పేగు గోడను దాటడం సులువవుతుందన్న మాట సిద్ధాంతంలో సరైనదే, ప్రయోగశాలలో కణాల పొరలమీద చూపించినదే. కాని ఎక్కువ దాటిందనుకున్నంత మాత్రాన మోకాలి నొప్పి అదే నిష్పత్తిలో తగ్గుతుందని అనుకోవడానికి ఆధారం లేదు. నొప్పిమీద ఫలితం చూపిన పెద్ద పరీక్షలు మామూలు అణుభారం ఉన్న కాండ్రాయిటిన్‌తో, రోజుకు 800నుంచి 1,200 మి.గ్రా. మోతాదుతో జరిగాయి. శోషణ పేరు చెప్పి 100 మి.గ్రా. ఇచ్చే మాత్ర ఆ పరీక్షల ఫలితాలను అరువు తెచ్చుకోవడానికి వీల్లేదు.

మొదటి స్ట్రిప్పుకు ఉన్న లోపం కూడా మోతాదులోనే ఉంది. రోజుకు రెండు మాత్రలంటే గ్లూకోసమైన్ 1,500 మి.గ్రా. సరిగ్గా అందుతుంది, కాండ్రాయిటిన్ మాత్రం 400 దగ్గరే ఆగిపోతుంది. నేను మా వీధి దుకాణాల్లో చూసిన జోడింపు మాత్రల్లో చాలావాటిది ఇదే పద్ధతి. చౌకైన గ్లూకోసమైన్ నిండుగా, ఖరీదైన కాండ్రాయిటిన్ పేరుకు మాత్రమే. పైగా 2010 పరిశోధనలోనే మరో సంగతి బయటపడింది: రెండింటినీ కలిపి ఇచ్చినప్పుడు రక్తంలో గ్లూకోసమైన్ మట్టం, అది ఒక్కటే ఇచ్చినప్పటికంటే తక్కువగా ఉంది. "రెండూ ఉంటే రెట్టింపు బలం" అనే లెక్క పేగులో చెల్లదన్నమాట. అలాగని జోడింపు పనికిరాదని తేల్చను. 2016లో వెలువడిన ఐరోపా పరీక్షలో 606 మంది తీవ్రమైన నొప్పి ఉన్నవారికి రోజుకు కాండ్రాయిటిన్ 1,200 మి.గ్రా., గ్లూకోసమైన్ హైడ్రోక్లోరైడ్ 1,500 మి.గ్రా. కలిపి ఇస్తే, ఆరు నెలల తరువాత నొప్పి తగ్గించే మందైన సెలెకాక్సిబ్‌కు తీసిపోని ఫలితం వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం 164 మందిపై కాండ్రాయిటిన్ 1,200, గ్లూకోసమైన్ సల్ఫేట్ 1,500 కలిపి చేసిన మరో పరీక్షలో, పోల్చి చూడటానికి ఇచ్చిన మందు లేని ఉత్తుత్తి మాత్రే మెరుగ్గా నిలిచింది. జోడింపును ఎంచుకునేవారు ఈ రెండింటినీ మనసులో ఉంచుకుని ఎంచుకోవాలి, ఎంచుకుంటే కాండ్రాయిటిన్ అంకె చూసి ఎంచుకోవాలి.

రెండోది, సొరచేప సీసా. మోతాదు బాగుంది, రెండు క్యాప్సూళ్ళతో 800 మి.గ్రా. పూర్తవుతాయి. శోషణ నెమ్మదన్నది నిజమే అయినా, ప్రభావం వారాల మీద కనిపించే పదార్థానికి గంటల తేడా పెద్ద లోపం కాదు. నా అభ్యంతరం వేరే ఉంది. "సొరచేప మృదులాస్థి పొడి" వేరు, "సొరచేప మృదులాస్థినుంచి వేరుచేసిన కాండ్రాయిటిన్ సల్ఫేట్" వేరు. మొదటి రకంలో ప్రోటీనూ ఖనిజాలూ కలిసి ఉంటాయి కనుక 500 మి.గ్రా. పొడి అంటే 500 మి.గ్రా. కాండ్రాయిటిన్ కాదు. బాబాయిగారి సీసా అదృష్టవశాత్తూ రెండో రకం. చేపలు పడనివారు మాత్రం ఈ మూలాన్ని విడిచిపెట్టడమే మేలు.

ధరను పోల్చేటప్పుడు స్ట్రిప్పు ధర చూడకండి, 800 మి.గ్రా. ధర చూడండి. పది మాత్రల స్ట్రిప్పు 200 రూపాయలు, మాత్రలో కాండ్రాయిటిన్ 200 మి.గ్రా. అనుకుందాం. రోజుకు నాలుగు మాత్రలు కావాలి కనుక రోజుకు 80 రూపాయలు, నెలకు 2,400. అదే 400 మి.గ్రా. మాత్రల స్ట్రిప్పు 300 రూపాయలైనా రోజుకు రెండే చాలు కనుక 60 రూపాయలు, నెలకు 1,800. ఖరీదుగా కనిపించినదే చౌకగా తేలుతుంది. జోడింపు మాత్రలను ఇలా నాలుగు చేసి మింగితే గ్లూకోసమైన్ కూడా రెట్టింపై 3,000 మి.గ్రా. అవుతుంది కాబట్టి ఆ దారి తొక్కకూడదు, విడిగా కాండ్రాయిటిన్ కొనుక్కోవాలి.

ఒకేసారి వేసుకోవాలా, మూడు పూటలా పంచుకోవాలా అన్నదానికి నా జవాబు చిన్నది: 1998లో 127 మందిపై జరిగిన పరీక్షలో ఒకేసారి 1,200 మి.గ్రా. తీసుకున్నవారికీ, 400 చొప్పున మూడుసార్లు తీసుకున్నవారికీ ఫలితంలో తేడా రాలేదు. మరచిపోకుండా వేసుకోగలిగిన పూట వేసుకోండి. కడుపులో ఇబ్బందిగా ఉంటే భోజనం తరువాత వేసుకోండి.

అట్టమీద ఉన్నది లోపల ఉందా

నా ఉద్యోగ జీవితంలో ఈ పదార్థం వచ్చినప్పుడల్లా అనుమానంతోనే చూసేవాళ్ళం. కాండ్రాయిటిన్ శాతం కొలవడానికి చాలాకాలంగా వాడుకలో ఉన్న చవకైన పద్ధతి ఒకటుంది. ద్రావణంలోకి సెటిల్‌పిరిడీనియం క్లోరైడ్‌ను చుక్కచుక్కగా వదులుతూ, తెల్లగా మబ్బు కమ్మే క్షణాన్ని చూసి లెక్క కడతారు. స్వచ్ఛమైన పాత్రలో ఆ మబ్బు కమ్మడం చూడముచ్చటగా ఉంటుంది గాని, దాన్ని కమ్మించేది కాండ్రాయిటిన్ ఒక్కటే కాదు. రుణావేశం ఉన్న పెద్ద అణువు ఏదైనా, ఉదాహరణకు సముద్రపు నాచునుంచి తీసే చవకైన కరాజీనన్ అయినా, అలాగే కమ్మిస్తుంది. కల్తీ చేసేవారికి ఈ సంగతి తెలుసు. ఎంజైముతో గొలుసును కోసి ఆ ముక్కలను, వేర్వేరు పదార్థాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో కొలిస్తేనే నిజం బయటపడుతుంది. ఒకసారి మా బల్లమీదికి వచ్చిన సరుకులో మొదటి పద్ధతి ప్రకారం అంతా సవ్యంగా ఉండి, రెండో పద్ధతిలో సగం కూడా లేదు. అమ్మినవారు మొదటి పరీక్ష పత్రాన్నే చూపుతూ చివరివరకూ వాదించారు.

2008లో హెపారిన్ ఇంజెక్షన్లలో కల్తీ దొరికి ప్రపంచమంతా కలకలం రేగింది గదా, ఆ కల్తీ పదార్థం కూడా కృత్రిమంగా ఎక్కువ సల్ఫేట్ ఎక్కించిన కాండ్రాయిటినే. అది రక్తనాళంలోకి ఎక్కించిన మందు సంగతి, నోటి మాత్రలకు దాన్ని అన్వయించి భయపడనక్కరలేదు. ఈ కుటుంబపు అణువులు ఒకదాని వేషం మరొకటి ఎంత తేలిగ్గా వేయగలవో చెప్పడానికే ఆ ప్రస్తావన.

ఇంట్లో కూర్చుని ఇదంతా పరీక్షించలేం కనుక అట్టను చదవడమే మనకున్న దారి. "కాండ్రాయిటిన్ సల్ఫేట్ సోడియం" అన్న పేరూ, దాని ఎదుట విడిగా మిల్లీగ్రాములూ ఉండాలి. "కీళ్ళ మిశ్రమం 1,200 మి.గ్రా." అని మొత్తం ఒక్క అంకెలో చుట్టేసిన డబ్బా నాకు నచ్చదు. ఏ జంతువునుంచి తీసిందో రాసి ఉండాలి. ఆహార అనుబంధంగా అమ్మేదైతే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ బ్యాచ్ పరీక్ష పత్రం అడిగితే పంపే కంపెనీ అయితే, కాండ్రాయిటిన్‌ను ఏ పద్ధతిలో కొలిచారో అందులో చూడండి. ఎంజైము, హెచ్‌పీఎల్‌సీ అన్న మాటలు కనిపిస్తే కాస్త ధీమాగా ఉండవచ్చు.

శాకాహారులకు ఇక్కడ పెద్ద చిక్కు ఉంది, మాంబళంలోని తెలుగు ఇళ్ళలో దీన్ని తరచు వింటాను. మామూలు కాండ్రాయిటిన్ పశువులు, పందులు, కోళ్ళు, చేపల మృదులాస్థినుంచి వస్తుంది. క్యాప్సూలు తొడుగు జెలటిన్ అయితే అదీ జంతువునుంచే. గ్లూకోసమైన్ ఎక్కువగా రొయ్యల, పీతల పెంకులనుంచి వస్తుంది, శిలీంధ్రంనుంచి తీసిన శాకాహార రకం కూడా దొరుకుతుంది. కాండ్రాయిటిన్‌ను సూక్ష్మజీవులతో తయారుచేసే పద్ధతి వచ్చింది గాని, అలాంటిది కావాలంటే అట్టమీద ఆ మాట స్పష్టంగా ఉండాలి. ఆహార అనుబంధాల డబ్బామీద ఆకుపచ్చ గుర్తు ఉందా, గోధుమరంగు గుర్తు ఉందా అని చూడటం మొదటి పని. "డాక్టరుగారు రాశారు కదా" అని నెలల తరబడి వాడి, తరువాత మూలం తెలిసి బాధపడిన పెద్దావిడను చూశాను, మడి కట్టుకుని వంట చేసే మనిషి. మందు రాసేటప్పుడు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆమెకు ఆ మనోవేదన తప్పేది.

ఇంతకూ పనిచేస్తుందా

సూటిగా చెబితే, కొందరికి కొంత. 2006లో అమెరికా ప్రభుత్వ నిధులతో 1,583 మందిపై జరిగిన గెయిట్ పరీక్షలో కాండ్రాయిటిన్ తీసుకున్నవారిలో 65 శాతం మందికి నొప్పి తగ్గింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలోనూ 60 శాతం మందికి తగ్గింది. ఆ తేడా గణాంకాల దృష్టిలో తేడా కాదు. 2017లో ఐరోపాలో 604 మందిపై, తయారీ సంస్థ నిధులతో, మందుల స్థాయి శుద్ధత ఉన్న కాండ్రాయిటిన్ 800 మి.గ్రా. ఇచ్చి చేసిన పరీక్షలో అది ఉత్తుత్తి మాత్రకంటే మెరుగై, ఆరు నెలలకు సెలెకాక్సిబ్‌తో సమానంగా నిలిచింది. 2009లో 622 మందిని రెండేళ్ళు గమనించిన పరీక్షలో కీలు మధ్య ఖాళీ తరిగిపోయే వేగం తగ్గినట్టు ఎక్స్‌రేల్లో కనిపించింది. వైద్య పరీక్షలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2015 సమీక్ష 43 పరీక్షలను పరిశీలించి, స్వల్పకాలంలో నొప్పి కొద్దిగా తగ్గవచ్చునంటూనే, వాటిలో చాలావాటి నాణ్యత అంతంతమాత్రమని చెప్పింది. ఈ కారణంగానే వైద్యసంఘాల మాట కూడా రెండుగా చీలింది. అమెరికా రుమటాలజీ కాలేజీ 2019 మార్గదర్శకాలు మోకాలికి దీన్ని వాడవద్దని గట్టిగా చెప్పి, చేతివేళ్ళ కీళ్ళకు మాత్రం వాడిచూడవచ్చని సడలింపు ఇచ్చాయి. ఐరోపాలోని ఎస్కియో అనే నిపుణుల సంఘం మందుల స్థాయి శుద్ధత ఉన్నదైతే మొదటి మెట్టులోనే ఇవ్వవచ్చునంది.

రెండు పక్షాల మధ్య తేడాలో కొంతభాగం పక్షపాతం, కొంతభాగం సరుకు నాణ్యత అని నా అభిప్రాయం. వేర్వేరు శుద్ధత ఉన్న పదార్థాలకు ఒకే పేరు పెట్టి ఫలితాలను కలిపితే ఏ నిర్ణయానికి వస్తాం?

ఒంటికి పట్టే లెక్క ఎంత మోసం చేయగలదో చూడాలంటే నొప్పికి రాసుకునే డైక్లోఫెనాక్ జెల్‌ను పక్కన పెట్టి చూడండి. అదే మందు మాత్రగా మింగినప్పటితో పోలిస్తే, జెల్‌గా రాసినప్పుడు రక్తంలోకి చేరేది దాదాపు 6 శాతం. అయినా మోకాలి నొప్పికి ఆ అమెరికా మార్గదర్శకాలే దాన్ని గట్టిగా సమర్థించాయి. రక్తంలోకి తక్కువ చేరడమే దాని గుణం, కడుపుకూ మూత్రపిండాలకూ భారం తగ్గుతుంది. రెండో రకం కొల్లాజెన్‌ను రోజుకు 40 మి.గ్రా. మాత్రమే ఇచ్చే మాత్రలదీ అలాంటి సంగతే. అవి పేగు గోడలోని రోగనిరోధక కణాలకు తగిలితే చాలునన్న సిద్ధాంతంమీద నడుస్తాయి. 2016లో 191 మందిపై చేసిన పరీక్షలో అవి గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ జోడింపుకంటే మెరుగనిపించుకున్నాయి, అయితే ఆ పరీక్ష తయారీదారుల నిధులతో జరిగింది. బాబాయిగారు నెలకు రెండువేలు మించి ఖర్చు చేయలేననుకుంటే, నేను ముందు జెల్‌కూ తొడకండరాలకు బలమిచ్చే వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టుకూ ఇచ్చి, మిగిలితే కాండ్రాయిటిన్‌కు ఇమ్మంటాను. బరువు ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకూ మోకాలిమీద భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో వచ్చిన పరిశోధన చెప్పింది. అమృతాంజనం స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరిట మైలాపూరు లజ్‌లో ఉన్న పార్కులో ఉదయం నడిచేవారిలో సగంమంది మోకాళ్ళమీద ఏదో ఒక లేపనం వాసనతోనే వస్తారు. నడక మానకపోవడం వారు చేస్తున్న మంచి పని.

ఎవరు ఆగి అడగాలి

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారు డాక్టరును అడగకుండా ఈ మాత్రలను మొదలుపెట్టకూడదు. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ కలిపి వాడినప్పుడు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే అంకె) పెరిగిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. మొదలుపెట్టినా, మోతాదు మార్చినా, ఆపినా ఐఎన్ఆర్ మళ్ళీ చూపించుకోవాలి. రొయ్యలు, పీతలు పడనివారు గ్లూకోసమైన్ మూలం చూసుకోవాలి. ఉప్పు పరిమితి ఉన్నవారికి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి సోడియం, పొటాషియం లవణాల రూపం ఏదన్నది పట్టించుకోవలసిన విషయమే. గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ భద్రత నిరూపణ కాలేదు కనుక వద్దంటాను. మిగతావారికి కలిగే ఇబ్బందులు చాలావరకు కడుపుబ్బరం, వికారం, విరేచనాలు కొంచెం వదులవడం. పెద్దపేగులో జరిగే తతంగం చూశాక అందులో ఆశ్చర్యమేమీ లేదు.

బాబాయిగారికి వార్ఫరిన్ లేదు, చేపలు పడతాయి. సీసా ఎటూ ఇంటికి వచ్చేసింది కనుక దాన్నే రోజుకు రెండు క్యాప్సూళ్ళ చొప్పున వాడమన్నాను, గ్లూకోసమైన్ స్ట్రిప్పు ఆపేయవచ్చునా అని డాక్టరునే అడగమన్నాను, ఖరీదైన డబ్బాను దుకాణంలో తిరిగి ఇచ్చేయమన్నాను. ఇది నెమ్మదిగా పనిచేసే రకం కనుక రెండు మూడు వారాలకే తీర్పు చెప్పవద్దన్నాను. మొదలుపెట్టిన రోజు ఉదయం మా మెట్లు ఇరవైరెండూ ఎక్కి, నొప్పి పదికి ఎంతో రాసుకోమంటే ఆయన "ఆరు" అని రాశారు. మా గోడమీది దినసరి క్యాలెండరులో మూడు నెలల తరువాతి తేదీ కాగితాన్ని వెతికి, మూల మడిచి, అక్కడ పెన్సిలుతో మెట్ల బొమ్మ గీశారు. ఆ రోజు మళ్ళీ ఎక్కుతారు. అంకె నాలుగుకైనా దిగకపోతే అబ్బాయికి ఫోను చేసి రెండో సీసా పంపవద్దని చెప్పే బాధ్యత నాకు అప్పగించారు, తాను చెబితే వాడు వినడట.